చర్చిల్ క్రోకడైల్ కట్టేటప్పుడు ట్రెయిలర్‌తో మొదలుపెట్టాలి: నా అనుభవం

చర్చిల్ క్రోకడైల్ అంటే రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వాడిన మంట చిమ్మే టాంకు, దాని ఇంధనం వెనక ట్రెయిలర్‌లో వస్తుంది. దాని ప్లాస్టిక్ మోడల్ కిట్ పెట్టె తెరవగానే చెయ్యి ముందు టరెట్ (పైన తిరిగే తుపాకి గూడు) మీదికే పోతుంది. నేనూ మొదటిసారి అక్కడే మొదలుపెట్టాను. టాంకంతా అతికించి, రంగు వేసి, చివర్లో ట్రెయిలర్ తగిలిస్తే రెండింటి ఎత్తులూ కలవలేదు. ట్రెయిలర్‌ని టాంకుకి కలిపే లింకు ఓ పక్కకి ఒరిగింది, ట్రెయిలర్ చక్రాల్లో ఒకటి గాల్లో నిలబడింది. రెండోసారి వరస తిప్పేశాను. ముందు ట్రెయిలర్, తర్వాత లింకు, ఆ తర్వాత అడుగున పోయే పైపు, అవి కుదిరాకే టాంకు. ఇక్కడ రాసేదంతా ఆ రెండో కట్టడం గురించి, 1/35 స్కేలులో, అంటే అసలు బండిలో 35వ వంతు.

ఈ వరస మోడల్ సౌకర్యం కోసమే కాదు, అసలు బండి తర్కమూ అదే. క్రోకడైల్‌లో టాంకు వరకు చూస్తే అది మామూలు చర్చిల్ మార్క్ 7. టరెట్‌లో 75 మి.మీ. తుపాకి అలాగే ఉంటుంది. ముందు పలకలో ఎడమ వైపు ఉండాల్సిన బీసా మెషిన్‌గన్ తీసేసి, ఆ చోట మంట చిమ్మే గన్ను పెట్టారు. మిగిలిన ఆయుధమంతా వెనకాల రెండు చక్రాల మీద వస్తుంది: 400 బ్రిటిష్ గ్యాలన్ల ఇంధనం, అంటే సుమారు 1,800 లీటర్లు, దాన్ని తోయడానికి 5 నైట్రోజన్ సిలిండర్లు, వీటి చుట్టూ ఉక్కు పెట్టె. నిండుగా ఉన్నప్పుడు మొత్తం బరువు ఆరున్నర టన్నులు. అందులో ఇంధనం వాటా ఒకటిన్నర టన్నుకు లోపే, మిగతాదంతా ఇనుమే. ఇంత మోసినా ఆ ఇంధనం వచ్చేది సెకను చొప్పున 80 షాట్లకి. ఆపకుండా వదిలితే రెండు నిమిషాలు కూడా నిలవదు.

ఇంత ఇంధనాన్ని టాంకు లోపలే ఎందుకు పెట్టలేదని చాలామంది అడుగుతారు. అలా పెట్టినవాళ్లూ ఉన్నారు. జర్మన్లు 1943లో పాంజర్ 3 మీద కట్టిన 100 మంట టాంకుల్లో 1,020 లీటర్లు లోపలే ఉండేది. దానికోసం సిబ్బందిని ముగ్గురికి తగ్గించారు, అసలు తుపాకి పీకేసి ఆ చోట మంట గొట్టం పెట్టారు. చర్చిల్‌లో ఐదుగురూ అలాగే ఉన్నారు, తుపాకీ ఉంది, మంట కూడా వచ్చింది. దీనికి మూల్యం ఆ తోక. తోకకి దెబ్బ తగిలినా, ఇంధనం అయిపోయినా, లోపల కూర్చునే దాన్ని విడిచిపెట్టే ఏర్పాటు ఉంది. అది వదిలాక మిగిలేది పూర్తి స్థాయి టాంకు. పాంజర్ 3లో ఇంధనం అయిపోతే మిగిలేది కవచం, రెండు మెషిన్‌గన్లు.

ఇక పని. ట్రెయిలర్ పెట్టె నా కిట్‌లో పైభాగం, కింది భాగం, ముందు వెనక పలకలుగా వచ్చింది. ఏటవాలు పలకలు కలిసే మూలల్లో అతుకు కనపడుతుంది. అసలు దానిలో అవి వెల్డు చేసిన అంచులు, కాబట్టి పుట్టీతో పూర్తిగా చదును చేస్తే కూడా తప్పే. 400 గ్రిట్ ఎమిరీ కాగితంతో అంచులు రాసి, ఖాళీ లేకుండా కలిపి, పైన లిక్విడ్ సిమెంట్ పూసి, మెత్తబడిన ప్లాస్టిక్‌ని కత్తి మొనతో చిన్న చిన్న గాట్లు పెడితే వెల్డు గీత వస్తుంది. పెట్టె మూసే ముందు లోపల బరువు వెయ్యాలి. నేను చేపల గాలానికి కట్టే సీసపు గుండ్లు 40 గ్రాములు వేశాను, ఇరుసుకి సరిగ్గా పైన. ముందుకి వేస్తే ఆ బరువంతా లింకు మీద పడుతుంది, వెనక్కి వేస్తే ముక్కు పైకి లేస్తుంది. గుండ్లను ఎపాక్సీతో అంటించండి. సూపర్ గ్లూ సీసానికి కొన్నాళ్లు పట్టుకుని తర్వాత వదిలేస్తుంది, ఆపైన మోడల్ ఎత్తినప్పుడల్లా లోపల గలగలమంటుంది.

టైర్లు గుండ్రంగా వస్తాయి. ఆరున్నర టన్నులు మోసే టైరు నేల తాకే చోట అలా ఉండదు. అర మిల్లీమీటరు ఆకురాయితో చదును చేస్తే చాలు. ఎక్కువ రాస్తే పంక్చరైన బండిలా కనిపిస్తుంది, ఎత్తు కూడా పోతుంది. సిలిండర్లు చూపించాలని మూత తెరిచి పెట్టే ఆలోచన ఉంటే ముందే నిర్ణయించుకోవాలి. కిట్‌లో లోపలి సామాను ఉండదు, 5 సిలిండర్లూ మీరే గొట్టం తెచ్చి చెయ్యాలి. నేను మూత మూసే ఉంచాను.

ఆ సిలిండర్ల సంగతి మాత్రం దాటెయ్యను, ఎందుకంటే క్రోకడైల్ యుద్ధంలో ఎలా నడిచిందో వాటిలోనే ఉంది. ఇంధనాన్ని గాలితో తొయ్యకుండా నైట్రోజన్‌తో తోశారు. గాలిలో ఆక్సిజన్ ఉంటుంది. పెట్రోలు ఆవిరి మీద దాన్ని పీడనంతో నింపితే ట్రెయిలర్ తనంతట తానే బాంబు. నైట్రోజన్‌తో ఆ బెడద లేదు, కానీ ఇంకొకటి ఉంది. పీడనం నిలవదు. వాల్వుల దగ్గర, కీళ్ల దగ్గర కొద్దికొద్దిగా కారిపోతుంటుంది. అందుకని బయల్దేరే ముందు చాలా సేపు సిలిండర్లు తెరిచి కూర్చోవడానికి వీల్లేదు. దాడికి కాస్త ముందు, శత్రువుకి కనపడని చోట ఆగి, సిబ్బంది కిందికి దిగి, ట్రెయిలర్ దగ్గర చేత్తో పీడనం ఎక్కించాలి. ఆ తర్వాత పదాతి దళం ఆలస్యమైనా, ముందు దారిలో మైను పేలి వరస ఆగిపోయినా, లోపల పీడనం పడిపోతూ ఉంటుంది. పీడనం తగ్గితే మొదట తగ్గేది దూరం. 110 మీటర్లు పోవాల్సిన ధార లక్ష్యానికి ముందే నేల మీద పడుతుంది. క్రోకడైల్‌ని ఎప్పుడు పిలవాలో తెలియని పదాతి అధికారి దగ్గర ఆ బండి వృథా అయ్యేది ఇందుకే.

లింకు మోడల్‌లో అన్నిటికంటే సున్నితమైన పని. అసలు దానికి మూడు దిక్కుల కదలిక ఉంది. ట్రెయిలర్ పైకీ కిందికీ ఊగుతుంది, పక్కలకి తిరుగుతుంది, టాంకు ఒక వైపు గోతిలో దిగితే తాను నిటారుగా ఉండేలా మెలిక కూడా తీసుకుంటుంది. వీటన్నిటి మధ్యలోంచి ఒత్తిడితో ఉన్న ఇంధనం పోవాలి, చుట్టూ కవచం ఉండాలి. మోడల్‌లో ఆ మూడు కీళ్లూ కదిలేలా ఉంచితే తర్వాత నేల మీద సర్దుకోవడం సులువు. కానీ సూపర్ గ్లూ చుక్క పక్కనున్న కీలులోకి పాకుతుంది, గంట తర్వాత చూస్తే బిగుసుకుపోయి ఉంటుంది. నా మొదటి లింకు అలాగే పోయింది. రెండోసారి కదిలే చోట్ల వేజలైన్ పుల్లతో రాశాను, ప్లాస్టిక్ పిన్ను తీసేసి 0.5 మి.మీ. ఇత్తడి తీగ వేశాను, తీగ చివర మాత్రమే ఎపాక్సీ పెట్టాను. రంగుకి ముందు ఆ వేజలైన్‌ని సబ్బు నీళ్లతో, పాత టూత్ బ్రష్‌తో పూర్తిగా కడగాలి. కడగకపోతే ప్రైమర్ అక్కడ చేప కళ్లలా విడిపోతుంది.

అడుగు పైపు దగ్గర చాలా మోడళ్లు మోసం చేస్తాయి. ట్రెయిలర్‌లోంచి ఇంధనం లింకు దాటాక టాంకు లోపలికి రాదు. పొట్ట కింద కవచం కప్పిన పైపులో ముందు దాకా వెళ్లి, అక్కడ పైకెక్కి గన్నుని చేరుతుంది. నా కిట్‌లో అడుగు పలక నున్నగా ఉంది, పైపు కవరే లేదు. అర్ధగుండ్రపు ప్లాస్టిక్ పట్టీ 3 మి.మీ.ది కోసి వేశాను. బల్ల మీద పెడితే ఎవరికీ కనపడదు నిజమే. కానీ అది లేకపోతే వెనకున్న లింకుకీ ముందున్న నాజిల్‌కీ సంబంధం లేని మోడల్ అవుతుంది.

ఈ పైపు ఆలోచన ఒక్కరోజులో రాలేదు. 1940 జులైలో, ఫ్రాన్స్ పడిపోయాక, జర్మన్లు తీరం మీదికి వస్తారన్న భయంలో బ్రిటన్ పెట్రోలియం వార్‌ఫేర్ డిపార్ట్‌మెంట్ పెట్టింది. మొదట వాళ్లు ఆలోచించింది రోడ్ల మీద, సముద్రపు ఒడ్డున పెట్రోలు మంటల గురించి. టాంకు మీదికి ఆలోచన మళ్లాక 1942లో రెండు వాలెంటైన్ టాంకులతో పోటీ పరీక్ష జరిగింది. రెండింటికీ ఇంధనం ట్రెయిలర్‌లోనే. ఒకటి కార్డైట్ మందు మండించి ఆ వాయువుతో తోసింది, రెండోది పీడనంలో నింపిన వాయువుతో తోసింది. రెండోదే నెగ్గింది. మందుతో తోస్తే ప్రతి షాటూ విడిగా, తుపాకి పేలినట్టు వస్తుంది. వాయువుతో అయితే కొళాయి తిప్పినట్టు, కావలసినంత సేపు. సోవియట్ వాళ్లు మాత్రం మందు దారినే పట్టారు. టి-34 మీద కట్టిన ఓటి-34లో మందు పేలి పిస్టన్‌ని నెడితే ఇంధనం బయటికి దూకుతుంది. వేచి ఉండాల్సిన పీడనం లేదు కాబట్టి కారిపోయే గొడవా లేదు, ట్రెయిలర్ అక్కర్లేదు. కాకపోతే లోపల పట్టే ఇంధనం చాలా తక్కువ.

అదే 1942లో, ఆగస్టు 19న, ఫ్రాన్స్ తీరంలోని దియెప్ మీద దాడికి కెనడా వాళ్లు మూడు చర్చిల్ ఓక్ మంట టాంకులు తీసుకెళ్లారు. ఇంధనం వెనక పెట్టెలో, పైపు బయట పక్క వెంబడి. మూడూ ఆ తీరంలోనే పోయాయి. క్రోకడైల్ పైపు పొట్ట కింద కవచంలో ఎందుకు ఉందో ఓక్ ఫొటో పక్కన పెట్టుకుని చూస్తే తెలుస్తుంది.

టాంకు దగ్గరికి వద్దాం. ముందు మీ కిట్ నిజంగా మార్క్ 7 అవునో కాదో చూసుకోండి. పక్క తలుపులు గుండ్రంగా ఉండాలి, డ్రైవర్ ముందు కిటికీ తలుపూ గుండ్రంగా ఉండాలి. పాత మార్కుల్లో అవి చతురస్రం. పాత చర్చిల్ కిట్‌కి ట్రెయిలర్ తగిలించి క్రోకడైల్ అని అమ్మడం చూశాను, దాన్ని సరిచెయ్యడం కంటే కొత్తది కొనడమే నయం. ముందు పలక 152 మి.మీ. మందం, మన స్కేలులో 4 మి.మీ. పైనే. అందుకే డ్రైవర్ కిటికీ తెరిచి పెడితే దాని అంచు మందం కనపడాలి, పలచటి పలకకి కన్నం పెట్టినట్టు ఉండకూడదు.

బోగీలు, అంటే ట్రాకు మీద నడిచే చక్రాల జతలు, ఒక్కో వైపు 11, మొత్తం 22. ఇక్కడే మొదటిసారి ఎత్తు తప్పాను. చదునైన నేల మీద ఆ పదకొండిట్లో బరువు మోసేవి తొమ్మిదే. మొట్టమొదటిది గట్టు ఎక్కేటప్పుడు పనికొస్తుంది, చివరిది పాక్షికంగా ట్రాకు బిగువు కోసం. అన్నిటినీ నేలకి సమంగా అతికిస్తే టాంకు ఒక మిల్లీమీటరు పైకి లేస్తుంది, ఆ ఒక్క మిల్లీమీటరే లింకుని వంకర చేస్తుంది. అద్దం పలక మీద పెట్టి, మధ్య తొమ్మిదీ అంటుకున్నాక, మొదటిదాని కింద, చివరిదాని కింద 1 మి.మీ. ప్లాస్టిక్ ముక్క పెట్టి అతికించాను. పూర్తిగా ఆరడానికి రెండు రోజులు వదిలేశాను. అప్పుడు ట్రెయిలర్ తెచ్చి ఆనించి చూస్తే లింకు నేలకి సమాంతరంగా నిలబడింది.

పాత కిట్లలో వచ్చే వినైల్ ట్రాకుల గురించి ఒక హెచ్చరిక. వాటిలోని మెత్తదనానికి కలిపే రసాయనం కాలం గడిచేకొద్దీ పక్కనున్న చక్రాల ప్లాస్టిక్‌ని తినేస్తుంది. మూడు నాలుగేళ్ల తర్వాత ట్రాకు చక్రంలోకి కరిగి దిగిపోయి ఉంటుంది. చక్రాలకీ ట్రాకుకీ మధ్య రంగు పొర తప్పక ఉండాలి. వీలైతే విడి లింకుల ప్లాస్టిక్ ట్రాకులు కొనుక్కోండి.

మంట గన్ను చిన్నది. నాజిల్ మూసుకుపోయి వస్తుంది, చేతి డ్రిల్లుతో 0.8 మి.మీ. కన్నం చేశాను. దీన్ని నడిపేది డ్రైవర్ పక్కన, ఎడమ వైపు కూర్చునే సహ డ్రైవరు. గన్ను ముందు పలకలో ఉంది కాబట్టి అది తిరిగే కోణం కొంతే, మిగతాది డ్రైవర్ మొత్తం టాంకుని తిప్పి ఇవ్వాలి. వెనక ట్రెయిలర్‌తో. నార్మండీ ఇరుకు దారుల్లో వెనక్కి నడపడం ఎంత పనో ఎద్దుబండిని వెనక్కి తోసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ధారని పెట్రోలు జెట్టుతో, విద్యుత్ నిప్పురవ్వతో అంటిస్తారు. అంటించకుండా తడి షాట్ కొట్టడమూ ఉండేది. ముందు బంకరు కిటికీలోకి పచ్చి ఇంధనం చిమ్మి, తర్వాత మండే షాట్ ఒకటి వదలడం. లోపలివాళ్లకి ఆ వాసన తగలగానే ఏం రాబోతోందో తెలిసేది. చాలా చోట్ల అక్కడితోనే చేతులెత్తేశారు.

రంగు ఎస్‌సీసీ 15 ఆలివ్ డ్రాబ్, 1944 నుంచి బ్రిటిష్ వాహనాలకి వేసింది. లాకర్ రంగు ఒక వంతుకి థిన్నర్ ఒకటిన్నర వంతులు, 0.3 మి.మీ. నాజిల్, 1.2 బార్. మన కోస్తాలో జులై నుంచి అక్టోబరు దాకా ఉదయం పూట లాకర్ కొడితే పైన తెల్లగా పొగ పట్టినట్టు అవుతుంది. గాల్లో తేమ రంగు మీద చేరడమే కారణం. మధ్యాహ్నం దాకా ఆగండి, లేదా నిదానంగా ఆరే రిటార్డర్ థిన్నర్ పదో వంతు కలపండి. తెల్లబడిన చోట ఉత్త రిటార్డర్ పలచగా కొడితే చాలావరకు పోతుంది.

వాష్ (మూలల్లో నీడ కోసం పూసే పలచటి రంగు) దగ్గర ఒక ఎదురుదెబ్బ తిన్నాను. బర్న్‌ట్ అంబర్ ఆయిల్ రంగు ఎనామెల్ థిన్నర్‌లో కలిపి బోగీల మధ్య ధారాళంగా పోశాను. రెండో రోజుకి నాలుగు బోగీ చేతులు విరిగి ఊడాయి. రంగు చేరని లోపలి ప్లాస్టిక్ మీద థిన్నర్ నిలిస్తే, అది బిగువులో ఉంటే, పెళుసుబారి పగులుతుంది. చర్చిల్‌లో అలాంటి చోట్లు 22 ఉన్నాయి. కుంచె తడి పేపర్ మీద ఒత్తి, మూలల్లో మాత్రమే తాకించాలి.

మసి ఎక్కడ వెయ్యాలన్నది బండిని బట్టి మారుతుంది, ఇది చాలామంది తప్పు చేసే చోటు. క్రోకడైల్‌లో టరెట్ తుపాకికి మంటతో సంబంధం లేదు. మసి, కారిన జిడ్డు అన్నీ ముందు పలక ఎడమ వైపు, నాజిల్ కింద. పాంజర్ 3 మంట టాంకులో, జపాన్ దీవి ఇవో జిమా మీద 1945 ఫిబ్రవరిలో దిగిన 8 అమెరికన్ షెర్మన్ మంట టాంకుల్లో, తుపాకి చోటున ఉన్న గొట్టంలోంచే మంట వస్తుంది కాబట్టి మసి గొట్టం మూతికి. మరో జపాన్ దీవి ఒకినావాలో అమెరికన్ 713వ టాంక్ బెటాలియన్ నడిపిన 54 టాంకులూ ఆ రకమే. సోవియట్ మంట టాంకు కెవి-8 ఇంకో చిత్రం. టరెట్‌లో మంట గన్నుకి చోటు చెయ్యడానికి 76 మి.మీ. తుపాకి తీసి 45 మి.మీ.ది పెట్టారు, శత్రువు పోల్చుకోకుండా దానికి లావు తొడుగు వేశారు.

ట్రెయిలర్‌కి దుమ్ము టాంకు కంటే ఎక్కువ పట్టాలి, ముఖ్యంగా ముందు పలకకి. రెండు ట్రాకుల వెనక తిరిగే బండి అది. ఇంధనం నింపే మూతల చుట్టూ ముదురు గోధుమ రంగులో మెరిసే మరకలు రెండు మూడు చాలు. గుర్తులకి ముందు మెరిసే (గ్లాస్) వార్నిష్ తప్పదు, లేకపోతే డెకాల్ (అంటించే గుర్తు) కింద గాలి మిగిలి వెండిలా మెరుస్తుంది. 79వ ఆర్మర్డ్ డివిజన్ గుర్తు తలకిందుల త్రికోణంలో ఎద్దు తల. బ్రిటిష్ జనరల్ పెర్సీ హోబార్ట్ డివిజన్ అది. క్రోకడైల్‌ని మొదట నడిపిన 141వ ఆర్‌ఏసీ (రాయల్ ఆర్మర్డ్ కోర్) రెజిమెంట్ అందులోదే. కానీ ఆ బండ్లు డివిజన్‌గా ఒక్కచోట ఎప్పుడూ పోరాడలేదు, ఎవరికి కావాలంటే వాళ్లకి కొన్నేసి అరువిచ్చేవారు. 1944 సెప్టెంబరులో ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్ దగ్గర ఫోర్ట్ మోంబారే మీద 141 వాళ్ల క్రోకడైళ్లు వెళ్లింది అమెరికన్ 116వ రెజిమెంట్ కోసం. ఆ కోట సెప్టెంబరు 16న లొంగింది, ఇప్పుడక్కడి మ్యూజియంలో ఒక క్రోకడైల్ ఉంది.

మన వాళ్ల ముందు కూడా ఈ మంట నడిచింది. 1945 ఏప్రిల్ 9న ఇటలీలో సెనియో నది దాటేటప్పుడు 8వ ఇండియన్ డివిజన్, న్యూజిలాండ్ డివిజన్ పక్కపక్కన ఉన్నాయి. జర్మన్లు ఎత్తైన వరద గట్లలో బొరియలు తవ్వి కూర్చున్నారు. క్రోకడైళ్లు, చిన్న క్యారియర్ బండ్ల మీద మంట గన్ను పెట్టిన వాస్ప్‌లు ఆ గట్లని తగలబెట్టాక పదాతి దళం దాటింది. మంట పడినా గట్లలో మెషిన్‌గన్లు మిగిలే ఉన్నాయి. ఆ రోజు అక్కడ అలీ హైదర్‌కి, నామ్‌దేవ్ జాదవ్‌కి విక్టోరియా క్రాస్‌లు వచ్చింది వాటిని నోరు మూయించినందుకే. డయోరమా (మోడల్ చుట్టూ నేల, మనుషులు పెట్టి కట్టే దృశ్యం) కట్టే ఆలోచన ఉన్నవాళ్లకి నార్మండీ కంటే ఈ గట్టు మంచి విషయం, నేను చూసినంతలో ఎవరూ ముట్టుకోలేదు.

డయోరమా అన్నాను కాబట్టి దూరం లెక్క చూడండి. 110 మీటర్లు మన స్కేలులో 3.1 మీటర్లు. గది ఈ గోడ నుంచి ఆ గోడకి. టాంకు పొడవు 21 సెం.మీ., ట్రెయిలర్‌తో కలిపి 35. బల్ల మీద టాంకు ముందు జానెడు దూరంలో బంకరు పెట్టి, మధ్యలో దూదికి ఎర్ర రంగు పూసి మంట అంటే అది 7 మీటర్ల లెక్క. ఆ దూదీ తప్పే. చిక్కబరిచిన ఇంధనం మేఘంలా ఉబ్బదు. తాడులా బిగిసి వెళ్లి, తగిలిన చోట అంటుకుని, అక్కడ మండుతుంది. నేను మంట పెట్టలేదు. పీడనం ఎక్కించడానికి ఆగిన క్షణం పెట్టాను: చెట్ల చాటున టాంకు, ట్రెయిలర్ దగ్గర ఇద్దరు మనుషులు.

కొరియా యుద్ధానికి బ్రిటన్ 7వ రాయల్ టాంక్ రెజిమెంట్ (ఆర్‌టీఆర్) స్క్వాడ్రన్ ఒకటి క్రోకడైళ్లతో వెళ్లింది గానీ అక్కడ ఎక్కువగా ట్రెయిలర్లు లేకుండా మామూలు తుపాకి టాంకుల్లాగే వాడారు. అందుకే నా మోడల్‌లో లింకు వెనక పిన్ను అతికించలేదు. బొటనవేలితో నొక్కితే ట్రెయిలర్ ఊడి వస్తుంది, పెట్టెలో విడిగా సర్దుకోవచ్చు.